పటేలు అడగని తవ్వకం

మీర్‌పేటలో ఆండాలు దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళందరికీ ఆమె తండ్రి మట్టయ్య తెలుసు. కుట్టుమిషనుకు పక్కగా, గోడకు ఆనించిన నవారు మంచం మీద పొద్దంతా కూర్చొని ఉండేవాడు. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు పట్టేశాయి కానీ భుజాలు ఇంకా బండల్లాగే ఉండేవి. ఎడమచేతికి చిటికెన వేలూ, దాని పక్క వేలూ లేవు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ చూపు ఎప్పుడో ఒకప్పుడు ఆ చేతి మీద పడేది.

"తాతా, వేళ్ళకేమైంది?"

మట్టయ్య నవ్వి ఊరుకునేవాడు. జవాబు ఆండాలు చెప్పేది. "చైతన్యపురిల అంతయ్య పటేలని ఒకాయన ఉండె. ఆయన బాయి తవ్వంగ పోయినయి. అంత పెద్ద మనిషి, అయ్యో అని సుత అనలే."

తల్లి కౌసల్యమ్మ బతికినన్నాళ్ళూ ఈ మాట ఇలాగే చెప్పేది. ఆమె పోయి మూడేళ్ళయింది. ఆమె తర్వాత ఆ మాట ఆండాలుకు వచ్చింది. పక్కన కూర్చున్న మట్టయ్య అవుననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. కిటికీలోంచి వీధిలోకి చూస్తుండేవాడు.

మట్టయ్యది మునుగోడు అవతల ఒక చిన్న ఊరు. బావులు తవ్వడం ఆయనకు తాత నుంచి వచ్చిన పని. డెబ్భై రెండు కరువులో ఊరి మంచినీళ్ళ బావి అడుగంటితే అందరూ కలిసి మట్టయ్యను దింపారు. రెండు నెలలు రాయి కొట్టి, ఉన్న బావిని ఇంకో ఆరు గజాలు లోతు చేశాడు. జల పడిన రోజు ఊరు ఊరంతా బావి దగ్గరికి వచ్చింది. ఆయన నుదుట బొట్టు పెట్టి, డప్పుతో ఇంటిదాకా తీసుకుపోయారు. అప్పటికి ఆండాలు రెండేళ్ళ పిల్ల.

ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద ముందు పసుపు చారలు వచ్చాయి. తర్వాత కాళ్ళు వంగడం మొదలైంది. ఆండాలుకు ఆరేళ్ళు నిండేసరికి మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి రాసుకునేవి, పాదాలు ఎడంగా పడేవి. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టించారు. చివరికి పట్నం నుంచి జీపులో డాక్టర్లు వచ్చి, బడి ముందర పిల్లలను వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినే నడిపించి చూశారు. వాళ్ళలో పెద్దాయన అడిగాడు, ఏ నీళ్ళు తాగుతారని. బావి చూపించారు.

"ఇది ఎప్పటి బావి?"

"బాయి పాతదే సారు. లోతు జేసింది నాలుగేండ్ల కింద."

"ఈ నేలలో లోతుకు పోయినకొద్దీ నీళ్ళల్లో ఫ్లోరైడు ఎక్కువ. అది ఎముకలకు పడుతుంది" అన్నాడు డాక్టరు.

లోతు చేసింది ఎవరని ఆయన అడగలేదు. అయినా అక్కడున్నవాళ్ళంతా తల తిప్పి మట్టయ్య వైపు చూశారు.

ఊళ్ళో ఎవరూ ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. ఇదంతా ఆండాలు తల్లి నోట విన్నదే. "తిట్టినా బాగుండు బిడ్డా. ఎవ్వరూ ఏమనకపాయె. గందుకే మీ నాయినకు ఆ ఊర్ల కూడు సయించలే" అనేది కౌసల్యమ్మ. డాక్టర్లు వచ్చిపోయిన రెండేళ్ళకు వాళ్ళు ముగ్గురూ హైదరాబాదు వచ్చి సరూర్‌నగర్ చెరువు కట్ట కింద గుడిసె వేసుకున్నారు.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే జొన్న చేలూ, రాతి గుండ్లూ, మధ్య మధ్యన సున్నంతో గీసిన ప్లాట్లూ ఉండేవి. ఇల్లు కట్టుకోవాలనుకునేవాడు ముందు బావి తవ్వించుకునేవాడు. మట్టయ్యకు చేతి నిండా పని దొరికింది. లోపల ఆయన, పైన గిలక దగ్గర కౌసల్యమ్మ. ఆయన తట్ట నింపి తాడు కదిలిస్తే ఆమె పైకి లాగి మట్టి గుమ్మరించేది. పన్నెండేళ్ళు అలాగే సాగింది. తర్వాత బోర్లు వేసే లారీలు వచ్చాయి. నెల రోజుల పని ఒక్క పగటిలో అయిపోతుంటే బావి ఎవడు తవ్విస్తాడు? మట్టయ్య సంపులు తవ్వాడు, సెప్టిక్ ట్యాంకులు తవ్వాడు. నడుం వంగడం మానేశాక ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు దగ్గర పద్నాలుగేళ్ళు వాచ్‌మన్‌గా చేశాడు. నోరు కట్టుకొని మీర్‌పేటలో అరవై గజాల జాగా కొన్నాడు. కొడుకు మహేందర్ వాటర్ ట్యాంకర్ నడుపుతాడు. మహేందర్ కాళ్ళు చక్కగా నిటారుగా ఉంటాయి. అతను పట్నంలో పుట్టినవాడు.

ఆండాలు కాళ్ళు వంగినవి వంగినట్టే ఉండిపోయాయి. పదమూడేళ్ళకే మిషను నేర్చుకుంది. రెండు సంబంధాలు వచ్చాయి. మొదటివాళ్ళు చూసి వెళ్ళి మళ్ళీ రాలేదు, రెండోవాళ్ళను ఆమే వద్దంది. తమ్ముడి ఇంట్లోనే ముందు గది ఆమెది. ఇంటి ఖర్చులో సగం ఆమె పెడుతుంది కాబట్టి ఎవరి దగ్గరా మాట పడాల్సిన అవసరం రాలేదు.

చిన్నప్పటి సంగతుల్లో ఆమెకు బాగా గుర్తున్నవి రెండు. ఒకటి, ఆమె కోసం వేరుగా పెట్టిన ఇత్తడి బిందె. గుడిసెకు ఎదురుగానే చేతిపంపు ఉన్నా, నాయిన తెల్లవారకముందే కావడి వేసుకొని పోయి, మైలున్నర దూరంలోని అంతయ్య పటేలు బావి నుంచి నీళ్ళు మోసుకొచ్చేవాడు. ఆమె ఆ నీళ్ళే తాగాలి. పంపు నీళ్ళు తాగితే కౌసల్యమ్మ వీపు విమానం మోత మోగించేది. తను తవ్విన బావి మీద మట్టయ్యకు మమకారమని కట్ట మీద అందరూ నవ్వుకునేవాళ్ళు. ఆండాలూ అదే అనుకుంది.

రెండోది, పదకొండేళ్ళప్పటి ఎండాకాలం. అమ్మానాన్నలు తనను రోజూ చీకటితోనే శేషారత్నం దగ్గర వదిలేసి పోయేవాళ్ళు. శేషారత్నం గుంటూరు వైపు మనిషి, కట్ట మీద ఇడ్లీ బండి పెట్టుకుంది. పిల్లలు లేరు. "నువ్వు నా దగ్గరే ఉండిపోరాదే" అని ముద్దు చేసేది. అంతకు ముందు ఎక్కడ పని ఉన్నా ఆండాలును వెంట తీసుకుపోయి గిలక పక్కన నీడలో కూర్చోబెట్టేవాళ్ళు. ఆ నెల మాత్రం తీసుకుపోలేదు. అమ్మ కడుపుతో ఉంది. కాళ్ళు మంచిగున్న బిడ్డ పుడతాడు, తనను ఇడ్లీలామెకు ఇచ్చేస్తారని ఆండాలు నమ్మింది. ఆ నెల చివరనే నాయిన చేతికి కట్టుతో ఇంటికొచ్చాడు. ఆ భయం సంగతి ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడాది మార్చిలో ఒక సాయంత్రం మహేందర్ కూతురు విజయశ్రీ పని నుంచి వచ్చి, హెల్మెట్ తీయకముందే మొదలుపెట్టింది. సివిల్ డిప్లొమా చేసి ఒక చిన్న బిల్డర్ దగ్గర సైట్ ఇంజినీరుగా చేరి ఏడాదైంది ఆ పిల్లకు.

"అత్తా, ఇయ్యాల జేసీబీ కూలబడ్డది. జరయితే డ్రైవర్ పోతుండె. పునాది తవ్వుతుంటే ఒక మూల మట్టంతా జారి లోపలికి పోయింది. పాత బాయట. పూడ్చి ముప్ఫై ఏండ్లయిందట. ఎంత లోతో, ఎంత వెడల్పో ఓనర్‌కు తెల్వది. హాస్టల్‌ల చదువుకున్నడట, చిన్నప్పటి సంగతులు యాదికి లేవంటడు."

మట్టయ్య మంచం మీద నుంచి అడిగాడు. "ఏడ బిడ్డా?"

"చైతన్యపురిల తాతా. మెట్రో స్టేషన్ ఎనక గల్లీ. బాల్‌రాజ్ అని ఓనర్."

"అంతయ్య పటేలు కొడుకు."

ఆండాలు చేతిలో కత్తెర ఆగింది.

"పన్నెండు గజాల లోతు, నాలుగు గజాల వెడల్పు" అన్నాడు మట్టయ్య. మళ్ళీ, "బాయి ఒక్కటే కాదు బిడ్డా, ఇంకోటున్నది. నేనొచ్చి చూపెట్టాలె" అన్నాడు.

మహేందర్ వద్దన్నాడు. "ఆ ఇంటి గడప ఎందుకు తొక్కాలె నాయినా? నీ చెయ్యి తిన్నోళ్ళు. వాళ్ళ బిల్డింగు లేస్తే మనకేంది, కూలితే మనకేంది?" ఆ కోపం ఎంతదంటే, ఎండాకాలంలో బాల్‌రాజ్ ఇంటి నుంచి ట్యాంకర్ కోసం ఫోన్ వస్తే మహేందర్ అందరికీ పోసిన తర్వాత ఆఖరికి పంపేవాడు. మట్టయ్య ఆ మాటలు చెవిన వేసుకోలేదు. పొద్దున్నే తానం చేసి, తెల్ల ధోతి కట్టుకొని తయారయ్యాడు.

"ఆండాలును గూడ తోల్కపోదాం" అన్నాడు మనవరాలితో.

"అత్త ఎందుకు తాతా?"

"రానియ్యి."

ముగ్గురూ ఆటోలో పోయారు. మెట్రో స్తంభాల కిందుగా పోతుంటే మట్టయ్య అటూ ఇటూ చూస్తూనే ఉన్నాడు గానీ ఒక్కటీ ఆనవాలు పట్టలేకపోయాడు. కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ళ బోర్డులు, వాటి కింద టిఫిన్ బండ్ల దగ్గర నిలబడ్డ పిల్లలు. "ఈడ సజ్జ చేను ఉండె" అన్నాడు ఒకచోట. అది చెప్పేలోపే ఆటో ఆ చోటు దాటిపోయింది.

సైటులో ఇల్లంతా కూలగొట్టి, పది అడుగుల లోతున చదరంగా తవ్వేశారు. ఒక మూల మాత్రం గుండ్రంగా కుంగి, నల్లటి చెత్తమట్టి పైకి తేలి ఉంది. బిల్డర్ వెంకట్రావు గొడుగు కింద నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడు. ఏలూరు మనిషి, పాతికేళ్ళ క్రితం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పక్కన బాల్‌రాజ్ ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి, తెల్ల చొక్కా, చేతికి కడియం. విజయశ్రీ తాతను పరిచయం చేసింది.

"రండి పెద్దాయనా, కూర్చోండి" అని వెంకట్రావు కుర్చీ వేయించాడు. "అమ్మాయి చెప్పిందండీ. ఈ బావి మీరే తవ్వారంటగా?"

మట్టయ్య కూర్చోలేదు. చేతికర్ర పట్టుకొని గోతి అంచు వెంట మెల్లగా నడిచాడు. పక్కింటి ప్రహరీ కింద ఒక రాతి గుండు సగం గోడలోకి పోయి కనిపిస్తోంది. దాన్ని తీయలేక గోడ దాని మీదే కట్టినట్టున్నారు. మట్టయ్య దాని దగ్గర ఆగి, అరచేత్తో తడిమి, అక్కడి నుంచి అడుగులు వేయడం మొదలుపెట్టాడు. ఎనిమిదో అడుగు దగ్గర నిలబడి కర్రతో గోతిలోకి చూపించాడు.

"కుంగింది బాయి. అది మీకు ఎరుకైంది. దాని నుంచి పడమటికి ఒక సొరంగం పోతది. మనిషి వంగి నడిచేటంత. అయిదు గజాల పొడుగు. పై నుంచి ఏడు గజాల లోతుల ఉంటది."

వెంకట్రావు విజయశ్రీ వైపు చూశాడు. ఆమె చేతిలోని ప్లాన్ కాగితం విప్పి, వేలితో ఒక చోట చూపించింది. "సార్, అట్లయితే రెండు కాలమ్స్ దాని మీదికి వస్తయి. లిఫ్ట్ గోడ గూడ."

"సాయిల్ టెస్ట్ మూడు చోట్ల చేయించామమ్మా. ఎక్కడా ఖాళీ తగల్లేదు." వెంకట్రావు గొంతు మర్యాదగానే ఉంది కానీ ముఖం మారింది. "పెద్దాయనా, నలభై ఏళ్ళ కిందటి మాట. ఇంకో బావి సంగతి ఏమన్నా దీనితో కలిసిందేమో. ఇళ్ళల్లో వాడుకునే బావికి సొరంగం ఎవరు తవ్విస్తారండీ?"

"మా నాయిన గట్లాంటిది తవ్విచ్చినట్టు నేనైతే ఇనలే" అన్నాడు బాల్‌రాజ్.

ఆండాలు అప్పటిదాకా గట్టు మీద సిమెంటు బస్తాల పక్కన కూర్చొని ఉంది. ఇంక ఉండబట్టలేకపోయింది. "మీరెందుకు ఇంటరు? మీ నాయిన పని చేసుకుంటనే మా నాయిన వేళ్ళు పోయినయి. ఆ సంగతన్న ఇన్నరా? వచ్చి ఒక్కనాడు చూసిపోయినోళ్ళు లేరు."

బాల్‌రాజ్ నీళ్ళు నమిలాడు. "అమ్మా, నాకు నిజంగ..."

"ఆండాలూ" అన్నాడు మట్టయ్య. "ఆగు బిడ్డా. ఆ మాట తప్పు."

ఆయన ఇప్పుడు కుర్చీలో కూర్చున్నాడు. కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకొని, కూతురి వైపు కాకుండా గోతిలోకి చూస్తూ చెప్పాడు.

"సొరంగం పటేలు తవ్వమనలే. ఆయనకు తెల్వనే తెల్వదు. బాయి అయిపోయింది, పైసలిచ్చిండు, నన్ను పొమ్మన్నడు. నేనే పోలే. ఆ పటేలు పెండ్లాం బిడ్డలను తీస్కొని నెల రోజులు ఊరికి పోయిండు. ఇల్లు సూసుకొమ్మని నాకే తాళం ఇచ్చిండు. గా నెలల తవ్విన."

"ఎందుకు నాయినా?"

మట్టయ్య, విజయశ్రీ తెచ్చిచ్చిన నీళ్ళ సీసా చేతిలో పట్టుకొని, మూత తీయకుండానే చెప్పుకుపోయాడు. పట్నం వచ్చిన కొత్తలో విశ్వేశ్వరరావు అనే ఒక గుమాస్తా ఇంట్లో బావి తవ్వాడు. ఆయన నీళ్ళు పరీక్ష చేసే సర్కారు ఆఫీసులో పనిచేసేవాడు. మట్టయ్య ఆయనకు కూతురి కాళ్ళ సంగతి చెప్పాడు. కడిగిన సీసాలో నీళ్ళు పట్టి తెచ్చిస్తే తాను చూపించిపెడతానన్నాడాయన. ఊరి నీళ్ళు చూపిస్తే ఏడు అని వచ్చింది. ఆ నాటి నుంచి, ఎక్కడ బావి తవ్వినా, మొదట పడిన నీళ్ళు ఒక సీసాలో పట్టి ఆయనకు ఇచ్చేవాడు. చీటీ మీద రాసింది చదవడం మట్టయ్యకు రాదు. విశ్వేశ్వరరావు ఒకటే గుర్తు చెప్పాడు. చుక్కకు ముందు సున్నా ఉంటే ఆ నీళ్ళు పిల్లకు పోయవచ్చు.

"పదకొండు బాయిలు అయినంక పటేలు బాయికి సున్నా వచ్చింది" అన్నాడు మట్టయ్య. "గుడిసె ముంగల చేతిపంపుకు మూడు ఉండె. రోజుకొక కావడి నీళ్ళు తీస్కపోత అని పటేలును అడిగితే, తీస్కపో అన్నడు. ఏమో ఎందుకో అని సుత అడగలే. కని ఆ బాయిల ఊట సన్నంగ ఉండె. ఎండలు ముదిరితే అడుగు పట్టేటట్టున్నది. లోతు జేస్తె నీళ్ళొస్తయి. కని లోతుకు పోతే ఏ నీళ్ళొస్తయో నాకు ఒకసారి ఎరుకైంది గద. గందుకే కిందికి పోలే. ఏడు గజాల కాడ పడమటి దిక్కు నుంచి ఊట వస్తుండె. దాని ఎంబడి అడ్డంగ పోయిన."

గోతిలో పనివాళ్ళు పారలు ఆపి వింటున్నారు.

"మీ అమ్మ ఏడో నెల కడుపుతోని గిలక గుంజింది. నిన్ను తోల్కపోతే నువ్వు చూసి ఎవరికన్న చెప్తవని శేషారత్నం దగ్గర ఇడిసిపెట్టినం. పరాయోళ్ళ బాయిల చెప్పకుండ తవ్వుడు తప్పే గద. నడుమ ఒక గుండు అడ్డమొచ్చింది. క్వారీ కాడ రాళ్ళు పేల్చే తూటాలు మూడు అడుక్కొచ్చి పెట్టిన. రెండు పేలినయి. మూడోది గూడ వాటితోనే పేలిందనుకున్న. గడ్డపార పెట్టంగనే లేచింది."

ఆయన ఎడమచేయి ఎత్తి చూసుకొని మళ్ళీ దించాడు.

"మీ అమ్మ ఒర్లుతుంటే పటేలు అప్పుడే బండి దిగుతుండు. చెప్పకుండ నా ఇంట్ల మందు పెడ్తవా అని తిట్టిండు. తిట్టుకుంటనే కారుల ఏసుకొని అఫ్జల్‌గంజ్ పెద్ద దవాఖానకు తీస్కపోయిండు. సీటంతా నెత్తురు. రెండు దినాలు ఆడ్నే ఉన్నడు. నీళ్ళు తీస్కపోవద్దని మాత్రం అనలే, తొమ్మిదేండ్లు."

"మరి అమ్మ ఎందుకు గట్ల చెప్పింది?" అంది ఆండాలు. "సచ్చేదాక గా పటేలును తిట్టింది గద."

"నీ కోసం పోయినయంటే నువ్వు ఏమయితవోనని. చిన్నపిల్లవు. ఎవరిదో ఒకరి పేరు చెప్పాలె గద. ఇగ అదే నోటికి అలవాటైంది. నేను చెప్దామనుకున్న చానాసార్లు. చెప్పలే."

బాల్‌రాజ్ గొడుగు తీసుకొని వచ్చి మట్టయ్య మీద ఎండ పడకుండా పట్టుకొని నిలబడ్డాడు.

ఆండాలుకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. లేచి తండ్రి ముందుకు వచ్చింది. "ఆ నీళ్ళతోటి నా కాళ్ళు సక్కగయినయా నాయినా?"

"కాలే బిడ్డా. కావని డాక్టరు ముందుగాల్నే చెప్పిండు."

"మరెందుకు?"

"ఇంకింత ఒంగకుండ."

ఆమె అక్కడే నిలబడింది. ఊళ్ళో తన ఈడు పిల్ల ఒకతె ఉండేది. ఆమె ఇరవై ఏళ్ళకే మంచాన పడి, మెడ కూడా తిప్పలేక, ముప్ఫై దాటకుండా పోయింది. ఆ సంగతి విన్నప్పుడు ఆండాలు ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలుకు వచ్చే పెళ్ళివాళ్ళ పట్టుజాకెట్లు కుడుతోంది. పాపం అనుకొని మళ్ళీ మిషను తొక్కింది. ఆ పిల్లకూ తనకూ మధ్య ఉన్న తేడా ఎక్కడి నుంచి వచ్చిందని ఆ రోజు ఆమెకు తోచలేదు. తన కాళ్ళ గురించి ఆమె యాభై ఏళ్ళుగా ఎప్పుడు ఆలోచించినా, తమ్ముడి కాళ్ళ పక్కన పెట్టి చూసుకునేది.

"నన్ను శేషారత్నమ్మకు ఇచ్చేస్తరనుకున్న గా నెలంత" అంది.

మట్టయ్య తలెత్తి చూశాడు. ఇది ఆయనకు తెలియని సంగతి. "అయ్యో" అన్నాడు. ఉన్న మూడు వేళ్ళతో కూతురి ముంజేయి పట్టుకున్నాడు.

వెంకట్రావు దగ్గి, విజయశ్రీని పక్కకు పిలిచాడు. "డ్రిల్లింగ్ మిషను పిలిపించమ్మా. పెద్దాయన చూపించిన చోట వేయిద్దాం. ఏమీ తగలకపోతే ఒక పూట పోతుంది, అంతేగా."

మిషను మధ్యాహ్నానికి వచ్చింది. మట్టయ్య ఇంటికి పోనన్నాడు. బాల్‌రాజ్ హోటలు నుంచి అన్నం తెప్పిస్తే గోడ నీడలో కూర్చొని తిన్నాడు. గోతి అడుగున వేసిన మొదటి రంధ్రంలో రాడ్డు పదమూడు అడుగుల దాకా గట్టి నేలలోనే పోయింది. వెంకట్రావు గడియారం చూసుకున్నాడు. మట్టయ్య కర్ర సాయంతో లేచి, గుండు వైపు ఒకసారి చూసి, "జర ఇటు, ఉత్తరానికి ఒక గజం" అన్నాడు. రెండోసారి, పదకొండు అడుగుల దగ్గర, రాడ్డు ఉన్నట్టుండి మూడు అడుగులు జారిపడింది. మిషను నడిపేవాడు కంగారుగా ఆపేశాడు. పైకి లాగితే దాని చివర నల్లటి నీళ్ళు కారుతున్నాయి. మురుగు వాసన గుప్పుమంది.

"అరే" అన్నాడు మట్టయ్య ఆ నీళ్ళు చూసి. ఆయన ముఖం ముడుచుకుపోయింది. ఆ కాలనీ కింద ఇప్పుడు అన్ని బోర్లలోనూ అవే నీళ్ళని విజయశ్రీ చెప్పింది.

వెంకట్రావు ప్లాన్ మార్పించాడు. సొరంగాన్ని కాంక్రీటుతో నింపి, బావి చుట్టూ నేలను గట్టి చేసి, కాలమ్‌లు జరిపేసరికి పని నెలన్నర వెనకపడింది. దాని గురించి ఆయన చాలామంది దగ్గర విసుక్కున్నాడు. కానీ విజయశ్రీకి తర్వాతి సైటు మొత్తం అప్పగించాడు. మహేందర్ అంతా విని, రాత్రి అన్నం దగ్గర, "అమ్మ మామూలుది కాదు. నలభై ఏండ్లు నాతోని ఉత్తగనే కోపం పట్టిచ్చింది" అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు సరిగ్గా రాలేదు. ఆ ఎండాకాలం బాల్‌రాజ్ ఉంటున్న అద్దె ఇంటికి ట్యాంకర్ పొద్దున్నే పోయింది.

ఆ రోజు తర్వాత ఆండాలు తండ్రిని తీరిక దొరికినప్పుడల్లా అడిగేది. ఏ బావి ఎవరిది, చీటీ మీద ఏం వచ్చింది, అమ్మ అప్పుడేమంది. మట్టయ్య చెప్పేవాడు. ఒక్కోసారి ఒక బావి సంగతి ఇంకోదాంట్లో కలిపేవాడు. ఆమె సరిచేయబోతే విసుక్కునేవాడు. "తవ్వింది నువ్వా నేనా?" అనేవాడు. ఇద్దరికీ అలాంటి కీచులాట అలవాటే. శేషారత్నం ముచ్చట మాత్రం ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఒకరోజు తనంతట తాను, "ఎవ్వలకన్న ఇద్దునా నిన్ను" అన్నాడు మిషను చప్పుడులో. ఆండాలు వినబడనట్టు దారం ఎక్కించుకుంది. ఆ మాట ఆయన నోట మళ్ళీ వినాలని ఆమెకు ఉండింది. అడగలేదు.

సంక్రాంతి దాటిన వారానికి మట్టయ్య జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకొని, అయిదో రోజు పోయాడు. పదోనాడు ఇంటి ముందు టెంటు వేశారు. ఊరి నుంచి చుట్టాలు వచ్చారు. బాల్‌రాజ్ కూడా వచ్చి, ఒక వార కుర్చీలో కూర్చున్నాడు. అన్నాల దగ్గర మట్టయ్య మేనకోడలు ఒకామె, తన పక్కనున్న చిన్నపిల్లలకు మేనమామ కథ ఎత్తుకుంది. "ఆయన చేతికి వేళ్ళుండెనా? ఎవడో పటేలంట, బాయి తవ్విచ్చుకొని..."

ఆండాలు అటు పక్క విస్తళ్ళలో పప్పు వడ్డిస్తోంది. గరిటె పట్టుకొనే వెనక్కి తిరిగింది. "కాదొదినా. అది పటేలు పని కాదు. నాయిన తన పని తాను చేసుకుంటుంటే పోయినయి."

"తన పనా? ఆయనకు ఏం బాయి ఉండె?"

"బాయి కాదు. నాకు తాగే నీళ్ళు ఆగిపోవద్దని సొరంగం తవ్విండు."

ఆమె చెప్పింది పిల్లలకు సరిగ్గా అర్థం కాలేదు. వాళ్ళలో ఒక పిల్ల, సొరంగం అంటే రైలు పోయేదా అని అడిగింది. బంతిలో చివర కూర్చున్న ముసలాయన ఒకడు పప్పు ఇటు రాలేదని కేకేశాడు. ఆండాలు వస్తున్నానని చెప్పి, ఆ పిల్ల పక్కన కాస్త వంగి, "రైలుది కాదు. మనిషి వంగి పోయేటిది. తిను, తిన్నంక చెప్త" అంది. బకెట్ ఎత్తుకొని, ఎడమెడంగా పాదాలు వేసుకుంటూ ఆ చివరికి నడిచింది.